రక్తనాళం లోపలి పొరను చూసొచ్చాను

హైదరాబాద్‌లో నేను వెళ్లిన పరిశోధనశాలకు ప్రసూతి ఆసుపత్రి నుంచి బొడ్డుతాళ్లు వస్తాయి. కాన్పు కాగానే, తల్లి అనుమతితోనే తీసుకుంటారు. తాడులోని సిరలోకి కొలాజినేజ్ అనే ఎంజైమ్ ఎక్కించి కాసేపు ఉంచితే లోపలి పొర కణాలు గోడనుంచి ఊడివస్తాయి. వాటిని జెలటిన్ పూసిన గిన్నెల్లో 37 డిగ్రీల దగ్గర పెంచుతారు. 1973లో న్యూయార్క్‌లో ఎరిక్ జాఫీ బృందం ప్రకటించిన పద్ధతి ఇది. ఇవాళ్టికీ పెద్దగా మారలేదు.

పరిశోధక విద్యార్థిని రెండు గిన్నెలు తెచ్చింది. ఒకదానిలో నాలుగు గంటల క్రితం టీఎన్ఎఫ్ వేసింది. సూక్ష్మజీవి చొరబడితే రోగనిరోధక కణాలు విడుదల చేసే సైటోకైన్లలో ఇదొకటి.

"ఎంత వేశావమ్మా?"

"మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు సార్."

నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. అంత తక్కువకే ఏమవుతుందో ఆమె చూపించింది. మెరిసే రంగు పట్టించిన తెల్లరక్తకణాలను రెండు గిన్నెల్లోనూ పోసి, కాసేపాగి కడిగింది. మైక్రోస్కోపులో చూస్తే టీఎన్ఎఫ్ వేయని గిన్నెలో బండలు పరిచినట్టు ఒద్దికగా ఒదిగిన కణాలు తప్ప దాదాపు ఏమీ లేవు. వేసినదాంట్లో ఎటు చూసినా మెరుపు చుక్కలే. మళ్లీ కడిగినా వదల్లేదు.

టీఎన్ఎఫ్ తగిలిన అరగంటకల్లా ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ కణకేంద్రకంలోకి చేరి జన్యువులను పనిలోకి దించుతుంది. కొన్ని గంటల్లో కణం పైకి ఇ-సెలెక్టిన్ అనే ప్రొటీన్ వస్తుంది. రక్తప్రవాహంలో దొర్లుకుపోయే తెల్లకణాలను అది నెమ్మదింపజేస్తే, ఐక్యామ్, వీక్యామ్ అనే ప్రొటీన్లు గట్టిగా పట్టి నిలుపుతాయి. ఇన్ఫెక్షన్ ఉన్నచోటికి సైన్యం దిగేది ఇలాగే. రక్తనాళం ఉత్త గొట్టం కాదని ఆ గిన్నె చూశాకే నాకు బాగా తెలిసింది.

అయితే ఇదే స్పందన ఒళ్లంతా ఒక్కసారి రేగితే ప్రమాదం. కణాల మధ్య అతుకులు వదులై ప్లాస్మా బయటికి కారుతుంది. తీవ్రమైన డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా ఈ కారడమే, అదీ చాలామందిలో జ్వరం తగ్గే వేళకే. మన ఇళ్లలో మాత్రం అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, పెరుగుతోందా అని అడిగేవాళ్లు ఎందరు? నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

కారడాన్ని కొలిచే పరికరం పక్క గదిలో ఉంది. కణాల పొర గుండా సన్నటి కరెంటు పంపుతారు. సందులు తెరుచుకుంటే విద్యుత్ నిరోధం పడిపోతుంది. తెరమీద టీఎన్ఎఫ్ గిన్నె గీత కిందికి దిగుతోంది. దాన్ని దిగకుండా ఆపగల మందు కోసం వెతకడమే ఆ అమ్మాయి పీహెచ్‌డీ.