నలభై ఒక్క రోజుల స్వామి

కార్తీకం చలి మొదలయ్యాక అమీన్‌పూర్‌లో తెల్లవారుజామున 4 గంటలకు మా బిల్డింగ్ మోటార్ మోగిందంటే, కింది పోర్షనతను మాల వేసుకున్నాడని లెక్క. మోటార్ వెనకే చన్నీళ్ల చప్పుడు, ఆ వెనకే శరణుఘోష. మా పెద్దచెరువుకు వలస పక్షులు దిగేదీ ఈ రోజుల్లోనే. పక్షుల పుణ్యాన చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమన్న హోదా వచ్చింది. నల్లబట్టల వలసను మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

అతనిది పాశమైలారంలో మందుల కంపెనీ పని, వారానికో షిఫ్టు. తాగి వచ్చిన రాత్రి బండికి స్టాండు వేయడానికి అతను పడే తిప్పలు మూడంతస్తులకూ వినిపిస్తాయి. అలాంటివాడిని మాల పడిన పొద్దు నుంచి పాలవాడు, వాచ్‌మన్, కిరాణా సేటు, చివరికి అప్పిచ్చినవాడు కూడా ‘స్వామీ’ అంటారు. కన్న కొడుకూ అదే అంటాడు. అతనికీ అందరూ స్వాములే, మా ఆవిడ మాత. అన్నం భిక్ష అవుతుంది, పడక చాప మీదికి దిగుతుంది. ఒకసారి నీళ్ల బకెట్ తన్నేసిన పిల్లవాడి మీద అరవబోయి, ‘ఏం... స్వామీ’ అని ఆగిపోయాడు. ఆ రెండు మాటల మధ్య కోపం ఎటు పోయిందో నాకు అర్థం కాలేదు.

మొదటేడు చెప్పుల దగ్గర చిక్కొచ్చింది. దీక్షలో చెప్పుల్లేవు, కంపెనీలో సేఫ్టీ షూ లేనిదే గేటు దాటనివ్వరు. గురుస్వామి దగ్గరికి పంచాయితీ పోయింది. ఆయన ఆలోచించనైనా లేదట. "కాళ్లు కాల్చుకొని మెట్లెట్ల ఎక్కుతవు స్వామీ? షిఫ్టుల తొడుక్కో, గేటు బయట విడువు" అన్నాడు. శాస్త్రం ఏమంటుందో గానీ, నాకాయన మీద గౌరవం పెరిగింది.

శబరిమలలో పంబ నుంచి సన్నిధానం దాకా నడక 5 కిలోమీటర్ల చిల్లర. నెత్తిన ఇరుముడి ఉన్నవాళ్లకే 18 మెట్లు. ఎక్కి చూస్తే ఎదురుగా ‘తత్త్వమసి’ అని ఉంటుంది: అది నువ్వే అని. అంత దూరం పోయి చదువుకునే ఆ మాటను మా కిరాణా సేటు నెలన్నర ముందు నుంచే, బియ్యం తూస్తూ, అంటున్నాడు కదా! యాత్రలో సగం పైగా బీరంగూడ దాటకముందే అయిపోతుందని నా అనుమానం.

అతని భార్యకు ఇంత వేదాంతం లేదు. "365 రోజులల్ల 41 అయ్యప్పయి. మిగిలిన 324 నాయి సార్" అంది ఓసారి, బట్టలు ఆరేస్తూ.

ఆమె లెక్క విని మొదట్లో నవ్వేవాణ్ని: ఏడాదికోసారి మంచితనపు కాంట్రాక్టు, గడువు తీరగానే వైన్స్ ముందు హాజరు. ఇప్పుడంత తేలిగ్గా నవ్వు రావడం లేదు. మాల తీసిన రోజు సాయంత్రం అతను తాగిన మాట నిజమే. అయితే ఆ పొద్దున్నే వాచ్‌మన్ ‘ఏయ్, బండి అడ్డం తియ్’ అన్నాడు. సేటు బాకీ పుస్తకం తెరిచాడు. నేనూ పేరు పెట్టి పిలిచాను. నెలన్నర అరువిచ్చిన పిలుపును అందరం పొద్దుటే వసూలు చేసుకున్నాం. అతను సాయంత్రం దాకా ఆగాడు.

మొన్న జనవరిలో బీరంగూడ కమాన్ దగ్గర టీ కొట్టులో కనిపించాడు. కాళ్లకు సేఫ్టీ షూ, వేళ్ల మధ్య సిగరెట్. అలవాటు కొద్దీ నోరు జారి ‘స్వామీ’ అన్నాను.

ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"మాల తీసిన గద సార్" అన్నాడు.

చెయ్యి మాత్రం ముందుకు రాలేదు. టీ తాగినంతసేపూ అతని వీపు వెనక నుంచి పొగ లేస్తూనే ఉంది.