గాలి తగ్గేదాకా ఆగుదాం



మొన్న వేసవిలో ఒక సాయంత్రం మా దంపతులిద్దరం కొవ్వూరులో ఆటో ఎక్కి రాజమండ్రి బయలుదేరాం. మా సంఘంలోని ఒక పెద్దమ్మ అక్కడ ఆసుపత్రిలో ఉంది. పొద్దున్నే ఆపరేషన్. ఏడు దాటితే లోపలికి రానివ్వరు.

రోడ్డు కం రైలు వంతెన ఎక్కబోతుండగా ఉత్తరాన మబ్బు కమ్మి ఈదురుగాలి లేచింది. ఆటో కుర్రాడు బండి పక్కకు తీసి ఆపేశాడు.

"ఆపావేం బాబూ? టైమైపోతుంది" అన్నాం.

"గాలి తగ్గాక పోదామండి అయ్యగారూ. ఇక్కడే ఇంతుంటే నడి గోదాట్లో ఎంతుంటుందో!"

మాకు కోపం వచ్చింది. 1974 నుంచి రైళ్లను మోస్తున్న వంతెన మన ఆటోను మొయ్యలేదా అన్నాం. కుర్రాడు బదులు చెప్పలేదు, కదలనూ లేదు.

అంతలో ఒక స్కూటరు వెనక్కి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ దిగి దాన్ని నడిపించుకుంటూ వస్తున్నారు. అప్పుడు గాని మాకు తెలియలేదు: వంతెన బలం వేరు, దానిమీద వెళ్లే బండి క్షేమం వేరు.

ఆ వంతెనలో రైలు కింద, రోడ్డు పైన. రోడ్డు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. అంత ఎత్తున, నది మధ్యలో, గాలికి అడ్డుపడే చెట్టూ లేదు, ఇల్లూ లేదు. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. బరువున్న లారీ కంటే ఖాళీ లారీకే ప్రమాదం ఎక్కువ. గాలికి ఎదురుగా హ్యాండిల్ తిప్పి నడుపుతున్నవాడు లారీ పక్కకు రాగానే గాలి ఆగి బండి ఒక్కసారి అటు లాగుతుంది. లారీ దాటగానే మళ్లీ ఇటు కొడుతుంది.

అందుకే పెద్ద వంతెనల మీద గాలిని కొలుస్తారు. రామేశ్వరం వెళ్లే పాత పాంబన్ వంతెన మీద గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ పడి రైలు ఆగిపోయేది. కొన్ని దేశాల్లో పొడవైన వేలాడే వంతెనల మీద ముందు వేగం తగ్గిస్తారు, తర్వాత ఎత్తైన బండ్లనూ ద్విచక్ర వాహనాలనూ ఆపుతారు, గాలి మరీ పెరిగితే అందరినీ ఆపుతారు. రైలు ఆగిందంటే వంతెన మీద నమ్మకం లేక కాదు గదా!

నలభై నిమిషాలకు గాలి తగ్గింది. మేము వెళ్లేసరికి ఆసుపత్రి గేటు వేసేశారు. అక్కడే నిలబడి ప్రార్థన చేశాం. పెద్దమ్మ కొడుకు లోపల ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాడు. "గాలిలో రాలేదు గదా అయ్యగారూ?" అని ఆమే మమ్మల్ని అడిగింది.

ప్రియులారా, గాలి లేచినప్పుడు వంతెనకు ఇవతలే ఆగండి. ఎక్కేశాక వస్తే నెమ్మదించండి, లారీ పక్కన దూరకండి. ముఖ్యంగా, నడిపేవాణ్ణి తొందరపెట్టకండి. ఆ రోజు తొందరపెట్టింది మేమే. ఆ కుర్రాడు మా మాట వినకపోవడమే మాకు మేలైంది.