అటకమీది కంప్యూటరు

చిల్లుపడిన బిందెకు మాటు వేయించుట మన యిండ్లలో నెఱిగిన పనియే. కంప్యూటరునకును అట్టి మాటు గలదని మేము నిరుడు తెలిసికొంటిమి.

మావారివలెనే మా మామగారును ఉపాధ్యాయులు. 1984లో భారత ప్రభుత్వము బడిపిల్లలకు కంప్యూటరువిద్య నేర్పుటకై 'క్లాస్' అను పథకము నారంభించి, ఇంగ్లండునందలి ఏకార్న్ సంస్థ 1981లో వెలువరించిన బీ.బీ.సీ. మైక్రో యంత్రములను పాఠశాలలకు పంపెను. మామగారి బడికి వచ్చిన దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. దానిమీదనే వారెందఱికో ఓనమాలు దిద్దించిరి. పిదప బడివారు దానిని తుక్కుక్రింద వేలము వేయగా, సొంతసొమ్ముతో కొని యింటికి తెచ్చిరి.

ఇరువదియేండ్లకు పైగా అటకమీదనున్న దానిని నిరుటి సంక్రాంతికి మావారు దింపి, తండ్రిగారు సంతసింతురని వెంటనే కరెంటు పెట్టిరి. కొన్ని నిమిషములకే 'ఠప్పు'మని చప్పుడై గదినిండ ఘాటైన పొగ క్రమ్మెను. మామగారు మారుమాటాడక వసారాలోనికి పోయిరి. ఆ పూట భోజనమునకు రాలేదు.

టీవీలు బాగుచేయు మెకానిక్కు విప్పి చూచి ధైర్యము చెప్పెను. కరెంటు లోనికి వచ్చుచోట కాగితపు పొరలతో చేసిన కెపాసిటరు లున్నవి. ఏండ్లు గడచినకొలది పైపూత బీటలువాఱి, గాలిలోని తేమ కాగితమున కెక్కును. అట్టిదానికి కరెంటు తగిలినచో పేలును. ఇది చేసినవారి తప్పు గాదు, వయసు పని. ముందుగనే మార్చకపోవుట మా తప్పు. క్రొత్తవి హైదరాబాదు కోఠిలోని గుజరాతీగల్లీలో కొలది రూపాయలకే దొరకెను. తీగ తీసినను ఆ భాగమున విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును గావున మెకానిక్కే వానిని మార్చెను.

అయినను తెరమీద అక్షరములకు బదులు గీతలే కనబడెను. బొమ్మను గీయు చిప్పు చెడినదని తలచితిమి. కెపాసిటరులు ఎన్నియో యంత్రములకు సరిపోవును. ఈ చిప్పు ఆ యంత్రముకొఱకే చేయించినది, ఇప్పుడు తయారగుట లేదు. మఱియొక మైక్రోను విప్పి తీయుదమని తలచితిమి. స్వర్గస్థులైన మామగారి స్నేహితు నింట చెడిపోయిన దొకటి యుండగా అడిగితిమి. ఆ యిల్లాలు, "మీదైనను మాటాడనిండు" అని యిచ్చెను.

దాని చిప్పు పెఱుకబోవుచుండగా మామగారు, "అమ్మాయీ! దానిని చంపి దీనిని బ్రతికింతువా? ముందు దీని కాళ్లు తుడిచి చూచితివా?" అనిరి.

నిజమే. ఆ చిప్పు అతికినది గాదు, సాకెట్టులో గ్రుచ్చినది. తీగ తీసి, మెల్లగ పైకి లేపి, మకిలిపట్టిన కాళ్లు శుభ్రపఱచి, అదే దిశలో మరల కూర్చితిమి. మీట వేయగానే ముందొక మంద్రస్వరము, వెంటనే హెచ్చుస్వరము పలికెను. తెరపై "బీ.బీ.సీ. కంప్యూటర్ 32కె" అను తెల్లని యక్షరములు నిలిచెను. మామగారు దగ్గఱకు జరిగి, వణకు వ్రేళ్లతో, ఏ పుస్తకమును చూడకయే, ఎక్కములు వ్రాయు చిన్న ప్రోగ్రాము టైపు చేసిరి.

రెండవ యంత్ర మిప్పుడు తన చిప్పుతోడనే మా బల్లమీద నున్నది. దాని జబ్బు ఇంకను తెలియలేదు. నయమైన పిదప ఆ యిల్లాలికే యీయవలెనని మామగారి యాజ్ఞ. ఈమాఱు మాత్రము కరెంటు పెట్టకమునుపే కెపాసిటరులు మార్పించితిమి.