గోడమీద గుడ్డ, పెట్టెల చీర

పనైందా వదినె? ఆ లేసు చీరల మూట సాయంత్రం గాని పట్టుకపోరు, ఇంకా టైముంది. ఇటు గోడ నీడకు రా, అహ్మదాబాద్ ముచ్చట చెప్త. వచ్చిన కాన్నుంచి నీకు చెప్పాలె చెప్పాలె అనుకుంటున్న.

మా బిడ్డ తీస్కపోయింది. దానికక్కడ బట్టల డిజైన్ల ఆఫీసుల నౌకరి గదా. "ఈసారి నా రూముల కాదు, ఒక్క రాత్రి నేను చెప్పిన కాడ ఉండాలె" అన్నది. స్టేషన్ కాన్నుంచి ఆటోల లాల్ దర్వాజా పోయినం. అక్కడ సిదీ సయ్యద్ మసీదు ఉంటది, రాతిల చెట్టు కొమ్మలను జాలీ లెక్క చెక్కింది. 1570ల నాటి పని. అహ్మదాబాద్ ఐఐఎం వాళ్ళ గుర్తు కూడ ఆ జాలీ నుంచే తీసుకున్నరట. దానికి ఎదురుంగ రోడ్డుకు ఇవతల పక్క ఒక పాత బంగళా. హౌస్ ఆఫ్ ఎంజీ అంటరు. ఎంజీ అంటే మంగళదాస్ గిరిధర్‌దాస్, బట్టల మిల్లుల సేఠ్. 1924ల కట్టుకున్న ఇల్లు. ఆయన వారసులే దాన్ని హోటల్ చేసిండ్రు. పెద్ద హోటళ్ళ లెక్క వందల గదులుండవు, నలభైకి లోపలే. ఇల్లు ఇల్లు లెక్కనే ఉంచిండ్రు. నడుమ ఖాళీ జాగ, చుట్టూ వరండాలు, గదిల గుజరాతీలు కూసునే పెద్ద ఉయ్యాల.

కిరాయి అడగకు. మన గల్లీల నెల ఇంటి కిరాయి కంటే ఎక్కువే అయింది ఆ ఒక్క రాత్రికి. నాకు మొదలు మనసొప్పలే. కానీ బిడ్డ ఎందుకు తీస్కపోయిందో గోడలు చూసినంక తెలిసింది. వరండా పొడుగున పాత గుడ్డలు, అద్దం కింద. కుట్టుపనులు, అద్దకాలు, ఆ ఇంటోళ్ళ పాత ఫొటోలు. దేవుని పటం పెట్టినంత మర్యాదగ పెట్టిండ్రు. వదినె, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా సుట్టూ బట్టనే. సిరిసిల్లల మా నాయిన కరెంటు మగ్గాల సాంచాల కింద ఆడుకున్న, ఇక్కడ సూరత్ లింబాయత్‌ల మీ అన్న పనిచేసే సాంచాల ఖాతాల బట్ట టాకాలు లెక్కపెట్టిన, ఇంట్ల దారాలు కత్తిరించిన. అన్నేండ్లల్ల బట్ట అంటే మీటర్లు, పగారు, సేఠ్ కోసే పైసలు. ఆగి నిలబడి చూసేది అని ఎవరూ చెప్పలే నాకు.

మీ అన్న సంగతి విను. రూముల అడుగుపెట్టంగనే పర్దా పట్టుకొని తిప్పిండు. వెనక పక్క చూసిండు, నేతగాడు ఎక్కడున్నా ముందుగ వెనక పక్కనే చూస్తడు. గోటితోని పోగులు లెక్కపెట్టిండు. "ఇది చేతి నేతనే, అంచు కాడ చూడు, దెబ్బ ఒక్క తీరుగ లేదు, మనిషి చెయ్యి తెలుస్తది" అన్నడు. తర్వాత వరండాల ఒక కుట్టుపని గుడ్డ ముందట నిలబడ్డడు, కదల్లే. అక్కడ పనిచేసే పిలగాడు చూసి దగ్గరికొచ్చిండు. మేమేదో ముట్టినమని కోపం చేస్తడేమో అని నాకు భయం. ఆ పిలగాడు లైటు ఇంకొంచెం పడేటట్టు జరిగి, ఇది కచ్ఛ్ పక్క కుట్టు, ఇండ్లల్ల ఆడోళ్ళు పెండ్లి కోసం కుట్టుకుంటరు అని చక్కగ చెప్పిండు. మీ అన్న సాంచా నడిపెటోడని తెలిసినంక ఆయననే ఎదురు ప్రశ్నలు అడిగిండు. ఇద్దరు ఎంతసేపు మాట్లాడుకున్నరో!

తెల్లారి బిడ్డ శాహీబాగ్‌ల కాలికో మ్యూజియంకు తీస్కపోయింది. ముందే పేరు రాయించుకోవాలె, కొద్దిమందినే ఒక్కసారి లోపటికి పంపుతరు, ఫోన్లు సంచులు బయటనే. సారాభాయ్ వాళ్ళు 1949ల పెట్టింది. అదీ మిల్లు పైసలతోని లేచిందే, కాలికో మిల్లు వాళ్ళదే గదా. మిల్లు ఎప్పుడో మూతబడ్డది, గుడ్డలు మాత్రం భద్రంగ ఉన్నయి. లోపట లైట్లు చాలా తక్కువ. ఎందుకని అడిగిన. వెలుతురు పడితే రంగు చచ్చిపోతదట, ఒక్కసారి పోయిన రంగును తిరిగి తేలేమట. అక్కడ పాత తెలుగు గడ్డ కలంకారీలు చూసిన వదినె, మన సముద్రం ఒడ్డు నుంచి ఓడలెక్కి దేశాలు పోయిన అద్దకాలు. ఎర్రటి ఎరుపు, ఇన్ని వందల ఏండ్లయినా.

ఆ తర్వాత పటోలా. ఆ గుడ్డ ముందట నాకు కాళ్ళాడలే.

మనం పోయిన ఏడు దీపావళికి ముందు పటోలా ప్రింటు చీరలకు దారాలు కత్తిరించినం యాదున్నదా? ఏనుగులు, చిలుకలు, నాలుగు మూలలు. ఆ డిజైను ఎక్కడిదో అడగలే మనం, మూటలు మోసుడే సరిపోయింది. అసలుది పాటణ్‌ల నేస్తరు, సాళ్వీల ఇండ్లల్ల. పడుగు పోగుకూ, పేక పోగుకూ రెండింటికీ ముందే కట్లు కట్టి, రంగుల ముంచి, మళ్ళ విప్పి కట్టి, అప్పుడు మగ్గమెక్కిస్తరు. నేసేటప్పుడు ఎరుపు మీద ఎరుపే పడాలె, తెలుపు మీద తెలుపే. ఒక్క వెంట్రుకంత జరిగితే ఏనుగు తొండం చెదిరిపోతది. అందుకే కొంచెం కొంచెం నేసినంక ఆపి, సూదితోని సరిచేసుకుంటరట. ఒక్క చీరకు నెలల తరబడి పని, ఇద్దరు ముగ్గురు కూసోవాలె. రెండు పక్కలా ఒక్క తీరే, ఏది ముందు ఏది వెనక చెప్పలేవు. మీ అన్న అలవాటు ప్రకారం వెనక పక్క చూద్దామని వంగిండు, చూసి గమ్మున నిలబడ్డడు.

నీకింకో మాట చెప్త. పడుగు పేక రెండూ కట్టి రంగేసుడు ప్రపంచంల కొన్ని జాగలల్లనే ఉన్నదట. ఈ పాటణ్, ఇండోనేషియాల బాలి దీవిల తెంగనన్ అనే ఊరు, జపాన్‌ల కొంచెం, ఇంకా మన పుట్టపాక! అవును, నల్లగొండ పక్క పుట్టపాక, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. తేలియా రుమాల్. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్ళల్ల నానబెట్టి నానబెట్టి మెత్తగ చేసి, ఎరుపు నలుపు రంగులేసి నేస్తరు. చీరాలల మొదలైన పని. అరబ్బు దేశాలోళ్ళు తలకు కట్టుకునేటందుకు ఓడలకొద్ది పోయేదట. పుట్టపాక గజం గోవర్ధన గారికి 2011ల పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. మా బిడ్డ ఇవన్నీ చెప్తుంటే నేను దాని మొఖమే చూసిన. మన కార్పొరేషన్ తెలుగు బడిల అక్షరాలు నేర్చుకున్న పిల్ల. కట్లు కట్టి రంగేసే మన చిటికీ పనికీ గుజరాత్ పటోలాకూ ఏం తేడానో, ఏం చుట్టరికమో అందరి నడుమ నిలబడి చెప్తున్నది. నేను సూరత్ వచ్చిన కాన్నుంచి మనం ఇక్కడ పరాయోళ్ళమనే అనుకున్న. ఆ గుడ్డ ముందట మాత్రం ఈ గడ్డ నేతగాళ్ళకు మనం దాయాదులమే అనిపించింది.

ప్రింటు చీరను చిన్నచూపు చూస్తున్ననని అనుకోకు. అదే మనకు అన్నం పెట్టింది. పటోలా లక్షల మాట, ప్రింటు చీర పండుగకు పేదింటి ఆడిబిడ్డ కట్టుకునేది. దానికి దాని మర్యాద ఉన్నది. కానీ అసలుదేదో ఎరగకుండ బతుకంతా నకలు చేతులల్ల పట్టుకునుడు ఏం న్యాయం? ఆ డిజైను ఎవని చేతిల పుట్టిందో, ప్రింటు కొట్టెటోనికీ, లేసు కుట్టెటోళ్ళకూ తెలిసి ఉండాలె.

మ్యూజియంకు పోకముందు రాత్రి, ఆ బంగళాల ఉయ్యాల మీద కూసొని చాలాసేపు ఆలోచన చేసిన. ఈ ఇల్లు లేచింది బట్ట మీద. అహ్మదాబాద్ మిల్లుల పనోళ్ళు 1918ల కూలి నూటికి ముప్పై అయిదు పెంచాలని సమ్మె చేసిండ్రట. గాంధీ రోజూ సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు కింద వాళ్ళతోని కూసున్నడు, వాళ్ళు మెత్తబడుతుంటే మూడు రోజులు ఉపాసమున్నడు. చిత్రమేందంటే మిల్లు యజమానుల పక్క అంబాలాల్ సారాభాయ్, పనోళ్ళ పక్క ఆయన సొంత అక్క అనసూయాబెన్! తోడబుట్టినోళ్ళే ఎదురెదురు. అనసూయాబెన్ పెట్టిన మజూర్ మహాజన్ సంఘం ఇప్పటికీ ఉన్నది. మరి ఆ మిల్లులే పోయినయి. ఎనభైలల్ల, తొంభైలల్ల ఒకదాని వెనక ఒకటి మూతబడి వేలకు వేల మంది రోడ్డున పడ్డరు. సేఠ్‌ల ఇండ్లు మిగిలినయి, అందంగ ఉన్నయి, చూసేటందుకు మేము పోయినం. మిల్లు పనోని చాలీ గది ఒక్కటన్నా అట్ల అద్దం పెట్టి దాచిండ్రా? దాచాలె వదినె. సేఠ్ ఇల్లు కాపాడినందుకు నాకు సంతోషమే. కానీ గది దాచనిది బొమ్మ సగమే.

అద్దం కింది గుడ్డలు నేసినోళ్ళ పేర్లు కూడ అంతే. ఏ ఊరిది, ఏ కాలందో చదువుకున్నోళ్ళు నూలు చూసి, రంగు చూసి చెప్పగల్గుతరు. పేరు ఎక్కడ దొరుకుతది? మూడు నాలుగు వందల ఏండ్ల కింద ఎవరు రాసిండ్రు? ఇప్పుడు రాయొచ్చు గదా. అందుకే నీతోని మాట్లాడాలని అంత తొందర పడ్డ.

మొన్న పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వచ్చినప్పుడు, మీ అమ్మ సిద్దిపేట గొల్లభామ చీర తీసి చూపించినవు. వచ్చేవారం మళ్ళ వస్త అన్నది గదా. ఇయ్యకు. నీ కాళ్ళు మొక్కుత, ఇయ్యకు. పెద్ద డేగిసా ఇస్తనన్నా ఇయ్యకు. తల మీద కుండ పెట్టుకొని నిలబడ్డ ఆ గొల్లభామను మీ నాయిన మగ్గం మీద పోగు పోగు చేత్తోని అందుకొని వేసిండని నువ్వే చెప్పినవు. కొంగు కాడ చినిగింది, ఉండనీ. అక్కడ అద్దం కింద పెట్టినవాట్ల చినగనిది ఎన్నని! చినుగును చినుగు లెక్కనే నిలిపి, కింద సన్నటి గుడ్డ పెట్టి మెల్లగ కుట్టు వేస్తరట.

ఇంకో ఆలోచన. ఈ బతుకమ్మకు మన సంఘం హాల్ల ఒక పక్క దండెం కట్టి, ప్రతి ఇంటి నుంచి ఒక పాత చేతినేత గుడ్డ తెచ్చి వేద్దామా? షోలాపూర్ పోయినోళ్ళది, భివండి పోయినోళ్ళది, జనగామది, పోచంపల్లిది. పక్కన చీటీ మీద తెలుగులనూ గుజరాతీలనూ ఎవరు నేసిండ్రో పేరు. మా బిడ్డ వచ్చి రాసి పెడ్తనన్నది. ఎండ పడని గోడ చూసుకోవాలె, ముట్టకుండ తాడు కట్టాలె. పిల్లగాండ్లు చూడాలె వదినె. మన పోరగాళ్ళు సాంచా పని అంటే సిగ్గుపడుతున్నరు.

నువ్వూ అన్నా కూడ ఒకసారి పోయి రాండ్రి. రాత్రి ఉండకున్నా ఏం కాదు, ఆ బంగళాల కిందనే తినేటి జాగ ఉన్నది, అరిటాకుల నడుమ కాల్చిన పాంకీ పెడ్తరు. పైన అగాశి మీద గుజరాతీ థాలీ, అది ఖర్చే. పొద్దుగాల రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. మ్యూజియంకు మాత్రం ముందే అడగాలె, బుధవారం ఉండది. అయితే ఉండుకుంట చూసే సుఖం వేరు. మ్యూజియంల ముందటి మనిషి నడిస్తే మనమూ నడవాల్సిందే. ఆ ఇంట్ల నేను రాత్రి దీపం వెలుతురుల ఒకసారి, తెల్లారి ఎండ ఇంకా రాకముందు ఒకసారి అదే గుడ్డ చూసిన. రాత్రి నల్లగ కనపడ్డ పోగు పొద్దున నీలం.

ఇగ నీ చీర సంగతి. మడత పెట్టకు, మడత కాడనే పోగు తెగుతది. మీ అన్న ఖాతా నుంచి అట్ట గొట్టం తెస్తడు, గ్రే బట్ట చుట్టేది, పొడుగుది. అట్ట మీద నేరుగ చుట్టొద్దు, దాని పులుపు బట్టకెక్కి పసుపు తేలుతది. ముందుగ గంజి లేని పాత తెల్ల ధోతి ఉతికి గొట్టానికి చుట్టి, దాని మీద చీర, పైన ఇంకో తెల్లగుడ్డ. ప్లాస్టిక్ సంచి వద్దు. డాంబరు గోళీలు బట్టకు తగలొద్దు, ఎండిన వేపాకు చిన్న సంచిల కట్టి పక్కన పెడ్తె సాలు. రేపు మీ అన్న రెండో షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు గొట్టం తెస్తడు. నువ్వు చీర తీసి నీడన ఆరబెట్టి ఉంచు, నేను ధోతి పట్టుకొని వస్త.