గట్లిన్‌బర్గ్‌లో మగ్గాల బడి

లాంగ్ వీకెండ్ వస్తే అట్లాంటా తెలుగు కుటుంబాలు స్మోకీ కొండల దారి పడతాయి. క్యాబిన్ అద్దెకు తీసుకుని, పులిహోర డబ్బాలు కారులో సర్దుకుని టెనెసీలోని గట్లిన్‌బర్గ్ చేరి, అక్వేరియం, మిఠాయి కొట్లు చూసి వెనక్కి వస్తారు. ఆ సందడి వీధిని ఆనుకునే ఆరోమాంట్ అనే చేతిపనుల బడి ఉంది. ఈసారి నేను వెళ్లింది దానికోసమే.

మగ్గాల గదిలో చాలాసేపు ఉండిపోయాను. మన గుంట మగ్గాలు కావివి, నేలమీద నిలబెట్టిన చెక్క మగ్గాలు. పడుగు, పేక, అటూ ఇటూ పరుగెత్తే నాడె మాత్రం మన దగ్గర ఉన్నవే. తలనెరసిన ఒకావిడ తెగిన పోగును ముడివేస్తోంది. పక్కనే నిలబడి చూస్తున్నా విసుక్కోలేదు.

ఈ మగ్గాల వెనక కాలేజీ అమ్మాయిలున్నారు. 1867 ఏప్రిల్ 28న ఇల్లినాయ్ రాష్ట్రంలోని మాన్మత్ కాలేజీలో పన్నెండుమంది విద్యార్థినులు ఒక సంఘం (సొరోరిటీ) పెట్టుకున్నారు. గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే విద్యార్థి సంఘాలు అప్పటికి మగపిల్లలవే. హోల్ట్ అనే ఆయన ఇంట్లో ఇద్దరు అమ్మాయిలు అద్దెకున్న గదిలో ఇది మొదలైంది. తొలిపేరు ఐ.సి. సొరోసిస్, 1888 నుంచి పై బీటా ఫై. బంగారు బాణం వాళ్ల గుర్తు. ఆ పన్నెండుమందిలో జెన్నీ నికోల్ వైద్యం చదివి డాక్టరైంది, 1881లో చిన్న వయసులోనే స్విట్జర్లాండ్‌లో చనిపోయింది.

ఆ స్థాపకుల జ్ఞాపకంగా కొండ పల్లెల్లో బడి నడపాలని సంఘంవాళ్లు 1910 సభలో తీర్మానించారు. 1912 ఫిబ్రవరిలో గట్లిన్‌బర్గ్‌లో పదముగ్గురు పిల్లలతో బడి తెరుచుకుంది. 1920లో ఫిలిస్ హిగిన్‌బాథమ్ అనే నర్సు వచ్చి, గుర్రమెక్కి కొండదారుల వెంట ఇంటింటికీ వెళ్లి వైద్యం చేసింది. తర్వాత కట్టిన ఆరోగ్య కేంద్రానికి జెన్నీ పేరే పెట్టారు.

నా మనసుకు పట్టిందల్లా అమ్మకాల ఏర్పాటు. 1925లో వినోజీన్ రెడింగ్ నేత నేర్పడానికి వచ్చింది. మరుసటి ఏడు ఆరోక్రాఫ్ట్ దుకాణం పెట్టారు. ఆడవాళ్లు ఇంటిదగ్గరే నేసిన తువ్వాళ్లు, పసిపిల్లల దుప్పట్లు ఆ దుకాణంలో అమ్మేవారు. అంతటితో ఆగలేదు. దేశమంతటా ఉన్న సొరోరిటీ పూర్వ విద్యార్థినుల క్లబ్బులు కూడా ఆ సరుకు అమ్మిపెట్టేవి. నేత నేర్పేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. నేసింది ఎవరు కొంటారన్న చోటే మన నేతన్న ఒంటరివాడైపోతాడు. ఇక్కడ నేర్పినవాళ్లే కొనేవాళ్లనూ వెతికిపెట్టారు. పట్నం ఇళ్ల అభిరుచికి తగ్గట్టు నమూనాలు మారాయన్న మాట నిజమే, బయటివాళ్ల పెత్తనమూ కొంత ఉండే ఉంటుంది. అయినా నేసిన చేతికి రొక్కం వచ్చింది. నాకు అదే పెద్ద విషయం.

1934లో స్మోకీ కొండల నేషనల్ పార్క్ ఏర్పడ్డాక ఊరి రూపు మారింది. 1945 వేసవిలో టెనెసీ విశ్వవిద్యాలయంతో కలిసి చేతిపనుల తరగతులు మొదలుపెట్టారు. 1960లలో పిల్లల చదువు బాధ్యత ప్రభుత్వం తీసుకున్నాక, ఈ స్థలం ఆరోమాంట్‌గా పూర్తిగా చేతిపనులకే మిగిలింది. ఇప్పుడు నేతతో పాటు కుండలు, చెక్కపని, లోహపు పని నేర్పుతున్నారు.

2014లో ఆరోమాంట్ ఆ నేలను సొరోరిటీ నుంచి కొనుక్కుని సొంతకాళ్లమీద నిలబడింది. రెండేళ్లకే, 2016 నవంబరులో, కొండల్లో రేగిన కార్చిచ్చు ఊళ్లోకి దూకి, ఇక్కడ రెండు వసతి భవనాలను కాల్చేసింది. మగ్గాల గదులు దక్కాయి. తరగతులు మళ్లీ మొదలయ్యాయి.