సముద్రం లేని లంక

లంకలో సెలవులు గడపాలంటే విమానం టిక్కెట్టూ, ఖరీదైన రిసార్టూ తప్పవని మనలో చాలామంది లెక్క. రాయచూరు జిల్లా కల్మలను మకాం చేసుకుని చుట్టుపక్కల తిరిగి చూశాక ఆ లెక్క సరికాదనిపించింది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ అంతర్వేది కోసం విజయనగర రాజులూ, బహమనీలూ, ఆ తర్వాత బీజాపూరు ఆదిల్‌షాహీలూ తరాల తరబడి కొట్లాడుకున్నారు. ఆ ఆనవాళ్లన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. రాయచూరు కోట గోడలో సుమారు 41 అడుగుల పొడవున్న ఒకే రాతి మీద 1294 నాటి శాసనం ఉంది. కాకతీయుల కొలువులోని గోరె గన్నయ రెడ్డి ఆ కోట కట్టించాడని అది చెబుతుంది. ఆ బండను దున్నలు పూన్చిన బండి మీద తెచ్చిన తీరు కూడా అక్కడ చెక్కి ఉంది. 1520లో కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించింది ఈ కోట కోసమే. పడమరగా వెళితే మస్కి వస్తుంది. అశోకుడి పేరు స్పష్టంగా ఉన్న శిలాశాసనం 1915లో బయటపడింది అక్కడే.

ఇక లంక సంగతి. కృష్ణ మధ్యలో ఉన్న కురువపురానికి రాయచూరు వైపు నుంచి గానీ, తెలంగాణలో మక్తల్ దగ్గరి పంచదేవ్ పహాడ్ నుంచి గానీ పడవలో చేరవచ్చు. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన చోటని దత్త భక్తుల నమ్మకం. నది తగ్గిన కాలంలో బండల మధ్య ఇసుక మేటలు పైకి తేలతాయి. అదే ఇక్కడి బీచి.

అలలు లేని ఇసుక బీచి ఎలా అవుతుందని అడగవచ్చు. నిజమే, ఇది గోవా కాదు. కానీ ఒడ్డున కూర్చుని నీళ్లు చూడటానికి అలలు తప్పనిసరి కాదు. పుణ్యక్షేత్రాన్ని విహారస్థలం చేయకూడదన్న మాటకు మాత్రం బలముంది. అందుకే పూజవేళల్లో గోల చేయకపోవడం, చెత్త పారేయకపోవడం వచ్చేవాళ్ల బాధ్యత. వానాకాలంలో ఎగువన నారాయణపూర్ డ్యామ్ గేట్లు ఎత్తితే లంకకు దారి తెగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాయచూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రండి, లైఫ్‌జాకెట్ లేని పడవ మాత్రం ఎక్కకండి. రైలు, బస్సు, పడవ ఖర్చులతో తీరిపోయే ఈ ప్రయాణం, మామూలు సంసారికి అందుబాటులో ఉన్న అసలైన లంక విహారం.