బకెట్టు, చెంబు, ఒక తాళం

మిడుతూరు హాస్టల్లో నేను చదువుకునే రోజుల్లో ఒక పొద్దున జరిగిన సంగతి. బకెట్టు నా చేతిలో, చెంబు నా స్నేహితుడి చేతిలో. "ముందు చెంబియ్యి" అని నేను, "ముందు బకెట్టియ్యి" అని వాడు. ఇంతలో బడి గంట కొట్టింది. ఇద్దరం స్నానం లేకుండానే పోయాం. మరుసటి రోజు నేనే తగ్గి, బకెట్టు కింద పెట్టి చెంబు కోసం పోయాను. తిరిగొచ్చేసరికి ఇంకొకడు బకెట్టు ఎత్తుకుపోయాడు!

ఆ గొడవ పీజీలో నా ప్రాజెక్టుకు పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. నా ప్రాజెక్టు లినక్స్‌లోని సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీద. రెయిడ్ 5లో సమాచారాన్ని కనీసం మూడు డిస్కులకు పంచుతారు. ఒకటి చెడిపోయినా మిగిలిన వాటి నుంచి తిరిగి లెక్కగట్టుకోవచ్చు. పాత కెర్నెల్ మీద ఒకవైపు ఫైళ్ళు రాస్తూ, మరోవైపు డిస్కుల తనిఖీని ఆపమని ఆజ్ఞ ఇచ్చాను. అంతా బిగుసుకుపోయింది. 120 సెకన్లు దాటినా పని కదల్లేదన్న హెచ్చరిక మాత్రం కనిపించింది. గడువు వారమే ఉంది. ఫోన్లో నాయన "అయిపోయిందా?" అంటే ఏం చెప్పాలో తోచలేదు.

తాళాల చిక్కులను పట్టించే లాక్‌డెప్ 2006 నుంచి లినక్స్‌లో ఉంది. అదీ పట్టుకోలేదు. ఎందుకంటే ఈ చిక్కు రెండు తాళాల మధ్య కాదు, ఒక తాళానికీ ఒక ఎదురుచూపుకూ మధ్య. చివరికి కాగితం మీద గీసుకున్నాను. ఆపమన్న ఆజ్ఞ తాళం పట్టుకొని, తనిఖీ ముగియాలని కూర్చుంది. తనిఖీ, డిస్కు రాతలు కదలాలని చూస్తోంది. రాతలు, సూపర్‌బ్లాక్‌లో వివరాలు నమోదు కావాలని చూస్తున్నాయి. నమోదు చేసే థ్రెడ్‌కు కావలసింది ఆ తాళమే!

తాళం వదిలి ఎదురుచూస్తే సరి అనుకున్నాను. 2022లో లినక్స్ డెవలపర్లు అలాంటి సవరణే చేర్చారు. 2023లో దాన్నే వెనక్కి తీసుకున్నారు. తాళం వదిలిన సందులో కొత్త తనిఖీ మొదలై లెక్క తప్పవచ్చు. అచ్చం నా బకెట్టు కథే! కొత్త పద్ధతిలో ఆజ్ఞ ఆపమని గుర్తు మాత్రం పెట్టి, తాళం వదిలి వేచి ఉంటుంది. ముగింపు పనులను రెయిడ్ సొంత థ్రెడ్ తాళం తీసుకొని చేస్తుంది. ఆ మార్పును నా పాత కెర్నెల్‌కు అమర్చాను. రాత్రంతా అదే ఆజ్ఞ మళ్ళీ మళ్ళీ ఇచ్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

తమ్ముళ్ళూ, అంత పెద్దవాళ్ళే తమ సవరణ సరికాదని వెనక్కి తీసుకున్నారు. మన లెక్క ఒకసారి తప్పితే చిన్నబోవద్దు.

నాయనకు మాత్రం బకెట్టు కథే చెప్పాను. ఆయన నవ్వి, "ఇంతకీ ఆ పొద్దు స్నానం చేసింటివా, లేదా?" అన్నాడు.